కూకట్‌పల్లి ల్యాబ్‌లో ఈస్ట్రడయాల్ (ముఖ్యమైన ఆడ హార్మోన్) టెస్ట్: సూది పని బాగుంది, అడగాల్సినవే అడగరు

రక్తం తీసే పద్ధతికి మాత్రం వంక పెట్టలేం. పసుపు మూత జెల్ ట్యూబు నింపి, ఐదుసార్లు మెల్లగా తలకిందులు చేసి, గడ్డకట్టేదాకా అరగంట నిలువుగా ఉంచాకే, గిర్రున తిప్పి సీరాన్ని (రక్తంలోని పైతేట ద్రవాన్ని) వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పెడతారు. తొందరపడితే సీరంలో ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) పోగులు మిగిలి, నమూనా పీల్చే మెషీన్ ప్రోబుకు అడ్డుపడతాయి. పరగడుపు అక్కర్లేదని కౌంటర్‌లోనే చెప్పేస్తారు, మంచి పని.

కానీ నెలసరి ఎన్నో రోజో అడగరు. ఇది పెద్ద లోపం. రెండో మూడో రోజున మామూలుగా మిల్లీలీటరుకు 80 పికోగ్రాముల లోపు ఉండే ఈస్ట్రడయాల్, అండం విడుదలకు ముందు 200 దాటిపోతుంది. రోజు తెలియని అంకెతో డాక్టరేం చేస్తారు? జుట్టు కోసం బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్ర వేసుకుంటున్నారా అనీ అడగరు. బయోటిన్‌ను అంటిపెట్టుకునే స్ట్రెప్టావిడిన్ ప్రోటీన్‌తో పనిచేసే స్ట్రెప్టావిడిన్-బయోటిన్ టెస్ట్ కిట్లలో ఆ మాత్ర ఈస్ట్రడయాల్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపించగలదు. డాక్టరుకు చెప్పి రెండు మూడు రోజుల ముందే ఆపండి.

నెలసరి ఆగినవారు, మగవారు, లెట్రోజోల్ (ఈస్ట్రోజన్ తయారీని తగ్గించే మందు) వాడేవారు ఇక్కడి ఇమ్యునోఅస్సేతో (యాంటీబాడీలతో కొలిచే పద్ధతితో) సరిపెట్టుకోవద్దు. అంత తక్కువ స్థాయిలో దాని అంకెను నమ్మలేం. అణువులను వేరుచేసి వాటి ద్రవ్యరాశిని బట్టి కొలిచే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పద్ధతిలో చేసేచోటికే వెళ్లండి. పాత రిపోర్టు లీటరుకు పికోమోల్స్‌లో ఉంటే 3.67తో భాగించి పోల్చుకోండి.