టార్ప్ కుట్టుకోవడానికి కొన్న సిల్‌నైలాన్ గుడ్డ: 5కి 3.5

హ్యామక్ (చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాల) మీదికి టార్ప్, అంటే వాన ఆపే కప్పు గుడ్డ, సొంతంగా కుట్టుకుందామని ఆన్‌లైన్‌లో సిల్‌నైలాన్ రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా మధ్యమధ్యలో గట్టి దారాలు నేసిన) గుడ్డ 7 గజాలు తెప్పించాను. కుట్టడం అయింది, యువారీ అడవిలో ఒక రాత్రంతా వానలో దాని కిందే పడుకున్నాను కూడా, కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయొచ్చు. మేముండేది అమెరికాలో, షార్లెట్‌లో. ఇక్కడ మనవాళ్లకి క్యాంపింగ్ అంటే ఆరుగురు పట్టే టెంటు, బిర్యానీ గిన్నె, పేకముక్కలు. నాకేమో నడుంనొప్పి, నేల మీద పడుకుంటే పొద్దున లేవలేను, అందుకే రెండు చెట్ల మధ్య ఉయ్యాల.

ముందు గుడ్డ గురించి. 30 డెనియర్ (దారం మందం కొలత) నైలాన్, రెండు వైపులా సిలికాన్ పూత, వెడల్పు 60 అంగుళాలు. సెకండ్స్ రకం (చిన్న చిన్న లోపాలుంటే తక్కువకి అమ్మేది) కొన్నాను, గజం 6 డాలర్లు పడింది. కల్లంలో ధాన్యం రాశి మీద కప్పే పట్టాలు చూసి పెరిగిన మా అమ్మ (ఆరు నెలలు ఉండిపోదామని వచ్చింది) దీన్ని వేళ్ల మధ్య నలిపి, "ఇదేంట్రా, ఉల్లిపొరలా ఉంది, వానకేం ఆగుద్ది?" అంది. బకెట్ మీద గుంటలా పరిచి, నీళ్లు పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున చూస్తే బకెట్ పొడిగా ఉంది.

తంటా అంతా షాపు వాళ్లతో వచ్చింది. 7 గజాలు అడిగితే 4 ఒక ముక్క, 3 ఒక ముక్క పంపారు. లెక్క ఒకటే కదా అంటారేమో, కాదు. నాది షట్కోణం టార్ప్, పైన మధ్య కుట్టు 11 అడుగులు, కింద అంచు 6 అడుగులు, అలాంటి సగాలు రెండు కావాలి. ఒకే పొడుగు ముక్కలో ఒక సగాన్ని తిరగేసి రెండోదాని పక్కన ఆనిస్తే 7 గజాల్లో రెండూ వచ్చేస్తాయి. 3 గజాలంటే 9 అడుగులు, అందులో 11 అడుగుల సగం ఎక్కడ పడుతుంది? మెయిల్ పెడితే మర్యాదగానే ఇంకో 4 గజాలు ఉచితంగా పంపారు, కానీ అది వేరే తానులోది, ఆకుపచ్చలో తేడా. ఇప్పుడు నా టార్ప్ ఒక పక్క వేపాకు రంగు, ఇంకో పక్క గోంగూర రంగు.

కుట్టడం మాత్రం ఎవరైనా చేయొచ్చు, ఓపిక ఉంటే. నాది ఇంట్లో ప్యాంట్లు పొట్టి చేసుకునే మామూలు మెషీనే. గుడ్డ పాములా జారుతుంది, గుడ్డని జరిపే మెషీన్ కింద పళ్లకి పట్టు దొరకదు, ముందు నుంచీ వెనక నుంచీ రెండు చేతులతో బిగించి పట్టుకుని నడిపించాలి. దారం పాలియెస్టర్‌దే వాడండి, నూలు దారం నీళ్లు పీల్చి మురిగిపోతుంది. సూది 80 సైజు, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. గుండుసూదులు మాత్రం వద్దు, ఒక్కో సూది ఒక్కో చిల్లు మిగిల్చిపోతుంది. నేను పది పెట్టాక తెలిసింది. తర్వాత అమ్మ బట్టల క్లిప్పులు తెచ్చింది, అవే నయం.

మధ్య కుట్టుకి జీన్స్ ప్యాంటు పక్కన ఉంటుందే, రెండు అంచులూ ఒకదాంట్లో ఒకటి మడిచి రెండు వరుసలు వేసేది, అది వేయాలి. ఇది అమ్మే కుట్టింది, నేను పక్కన నిలబడి గుడ్డ మోశాను. అంచులు తిన్నగా కోయకుండా లోపలికి కాస్త వంపు ఇవ్వాలి. గోడకి రెండు మేకులు కొట్టి సన్న గొలుసు వేలాడదీస్తే వచ్చే వంపే అది, నేను 4 అంగుళాల లోతు పెట్టాను. ఆ వంపు ఉంటే తాడు లాగినప్పుడు అంచు బిగుసుకుంటుంది, గాలికి టపటపలాడదు. తాళ్లు కట్టే మూలల్లో అదే గుడ్డ ఇంకో పొర వేసి రిబ్బన్ కుట్టాం.

చివర్లో కుట్ల మీద పూత పూయాలి. మామూలు టెంట్లకి వాడే పాలీయురేథేన్ సీలర్ ఈ సిలికాన్‌కి అంటుకోదు, పొరలా ఊడి వస్తుంది. బాత్రూమ్ మూలలకి పెట్టే సిలికాన్‌ని మినరల్ స్పిరిట్స్‌లో (పెయింట్ పలచన చేసే ద్రవం) పలచగా కలిపి బ్రష్‌తో పూశాను, నా పది చిల్లులకి కూడా. ఇంటి బయట చేయండి, వాసన తలకెక్కుతుంది. ఆరాక జిగురుగా ఉంటే కొంచెం పౌడర్ అద్దండి.

మొత్తం బరువు, తాళ్లు కాకుండా, 390 గ్రాములు. ఖర్చు 75 డాలర్ల దాకా అయింది. దాదాపు ఇదే సైజు రెడీమేడ్‌ది 120కి చూశాను, రెండు శని ఆదివారాల చాకిరీ లెక్కేస్తే మిగిలిందేమీ లేదు.

ఇక వాన రాత్రి. ఒక్క చుక్క కారలేదు, అందుకే 3.5 ఇచ్చాను. తగ్గించిన మిగతా మార్కులు దేనికంటే, నైలాన్ తడిస్తే సాగుతుంది. తొమ్మిదింటికి డప్పులా బిగించి పడుకుంటే పన్నెండింటికల్లా తడిచీరలా వేలాడి ముక్కు దగ్గరికొచ్చింది. తలకి కట్టుకునే లైటు పెట్టుకుని, చెప్పులు వెతుక్కుని, బురదలో నాలుగు తాళ్లూ మళ్లీ లాగి కట్టాను. తర్వాత ఒక్కో తాడుకి సాగే ఎలాస్టిక్ ముక్క కలిపాను, కొంత నయం. పాలియెస్టర్‌తో చేసిన సిల్‌పాలీ ఇలా సాగదు, అమ్మేవాళ్లు ఈ ముక్క ముందే పేజీ మీద రాస్తే బాగుండేది.

మిగిలిన 3 గజాల ముక్క అమ్మ తీసేసుకుంది, ఊళ్లో స్కూటీకి కవర్ కుడుతుందట. నేను మళ్లీ కొంటే సిల్‌పాలీనే, 7 గజాలు, ఒకే ముక్క అని ఆర్డర్‌లో పెద్దక్షరాలతో రాసి మరీ.