మొదటి స్పోర్ట్స్ బైక్: నింజా 400, ఆర్3, ఆర్‌సీ 390లో ఏది ఎవరికి? 600 సీసీ ఇప్పుడే ఎందుకు వద్దు?

పికప్ ఒక్కటే లెక్కయితే కారు గొప్పా బైకు గొప్పా అన్న వాదన ఎప్పుడో తేలిపోయింది. 600 సీసీ తరగతి యమహా ఆర్6 బరువు 190 కిలోలు, ఇంజిన్ 118 హార్స్‌పవర్. దానిమీద 75 కిలోల మనిషి కూర్చుంటే కిలోకు 0.44 హార్స్‌పవర్ పడుతుంది. పోర్షే 911 జీటీ3 ఇంజిన్ 510 హార్స్‌పవర్. కానీ కారు బరువు 1,435 కిలోలు కాబట్టి డ్రైవర్‌ను కూడా కలిపితే కిలోకు 0.34 దగ్గర ఆగిపోతుంది. ఆ కారు సున్నా నుంచి 100 కి.మీ. వేగం అందుకోవడానికి 3.4 సెకన్లు పడుతుందని కంపెనీ లెక్క. చేయి తిరిగినవాళ్లు నడిపితే 600 సీసీ బండికీ అటూ ఇటుగా అంతే పడుతుంది. ధరల్లో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఇంతవరకు విని చాలామంది షోరూంకి బయల్దేరతారు. అసలు లెక్క దీని తర్వాతే మొదలవుతుంది.

స్పోర్ట్స్ బైకు రెండు చక్రాల మధ్య దూరం 1,400 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. మనిషితో కలిపి గరిమనాభి నేలకు 650, 700 మి.మీ. ఎత్తున ఉంటుంది. ఈ కొలతలతో వేగం పెరిగే తీరు 1 జీ (భూమి ఆకర్షణ బలమంత) దాటబోయేసరికి ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. బ్రేకు వేసినప్పుడు అదే హద్దు దగ్గర వెనక చక్రం లేస్తుంది. ఇంజిన్ 120 హార్స్‌పవర్ అయినా 200 అయినా ఈ హద్దు పెద్దగా జరగదు. కారు పొడవుగా, నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. 100 కి.మీ. వేగంలో 1 జీ పట్టుతో బ్రేకు వేస్తే బండి ఆగడానికి 39 మీటర్లు కావాలి. వెడల్పు టైర్ల స్పోర్ట్స్ కారు అంతకంటే ఏడెనిమిది మీటర్ల ముందే ఆగుతుంది. పైగా బైకు మీద ఆ 39 మీటర్లు సాధించేది చేయి కుదిరినవాళ్లే. భయపడి లీవరు సగమే నొక్కిన కొత్తవాళ్లకు 60 మీటర్లు దాటిపోతుంది. కారులో అయితే నేర్చుకునేవాడైనా పెడల్‌ను బలంగా తొక్కితే చాలు, మిగతాది చక్రాలు బిగుసుకుపోకుండా కాసే ఏబీఎస్ చూసుకుంటుంది.

మలుపుల్లో తేడా ఇంకా ఎక్కువ. బైకును 45 డిగ్రీలు పడుకోబెడితేనే పక్కకు 1 జీ వస్తుంది. కొత్తవాళ్లు 20, 25 డిగ్రీలకే గుండె చిక్కబట్టుకుంటారు, అంటే 0.36 నుంచి 0.47 జీ. మంచి టైర్లున్న మామూలు స్పోర్ట్స్ కారు ఏ హడావుడీ లేకుండా 0.9 జీ ఇస్తుంది. ప్రపంచ స్థాయి రైడర్ల సంగతే చూడండి. ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో 2019 ఎఫ్1 కార్ల రేసు అత్యంత వేగవంతమైన లాప్ 1 నిమిషం 36 సెకన్లు. అదే ట్రాక్ మీద బైకుల ప్రపంచ పోటీ అయిన మోటోజీపీ బండ్లు 2 నిమిషాల లోపు రావడమే గగనం. ఆ తేడా అంతా బ్రేకుల దగ్గర, మలుపుల దగ్గర పుట్టిందే.

బైకులో హార్స్‌పవర్‌ను డబ్బుతో కొనుక్కోవచ్చు. బ్రేకు మీద పట్టు, మలుపులో నమ్మకం మాత్రం నడిపేవాళ్లకు రావాల్సిందే. కాబట్టి మొదటి బండిని సున్నా నుంచి వంద అంకె చూసి కాదు, మీ తప్పును అది ఎలా కాసుకుంటుందో చూసి ఎంచుకోవాలి. ఈ కొలత పెడితే 300, 400 సీసీ తరగతే మిగులుతుంది. ఐరోపాలో ఏ2 లైసెన్సుకు 35 కిలోవాట్లు, అంటే దాదాపు 47 హార్స్‌పవర్ హద్దు పెట్టారు. ఈ మూడు బండ్లూ కొంచెం అటూ ఇటుగా అక్కడే ఉంటాయి.

మొదట కవాసాకి నింజా 400. 2018 మోడల్‌గా వచ్చింది. 399 సీసీ, రెండు సిలిండర్లు, 168 కిలోలు, సీటు ఎత్తు 785 మి.మీ. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 38 న్యూటన్ మీటర్లు, అదీ 8,000 ఆర్‌పీఎంకే. కాగితం మీద ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోడ్డు మీద ఇదే ముఖ్యం. తప్పు గేరులో మలుపులోకి వెళ్లినా బండి గుంజుకుంటూ బయటికి వచ్చేస్తుంది, ఇంజిన్ గుటకలు వేయదు. క్లచ్ లీవరు ఒంటి వేలితో లాగేంత తేలిక. దాంట్లోనే ఉన్న స్లిప్పర్ అనే అమరిక వల్ల గబగబా రెండు గేర్లు దించేసినా వెనక చక్రం ఎగిరెగిరి పడదు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే కాబట్టి దీనికి ఎక్కువ మార్కులు వేయాలి. హ్యాండిల్ మరీ కిందికి ఉండదు, గంటసేపు నడిపినా మణికట్లు లాగవు. లోపం ముందు ఫోర్క్‌లో, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ అబ్జార్బర్ గొట్టాల్లో ఉంది. స్ప్రింగ్‌లు మెత్తన, సర్దుబాటు లేదు. 85 కిలోలు దాటినవాళ్లు గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు బాగా దిగిపోతుంది. గట్టి స్ప్రింగ్‌లు, కాస్త చిక్కటి ఫోర్క్ ఆయిల్ వేయిస్తే చాలావరకు సర్దుకుంటుంది. 2024లో దీని స్థానంలోకి 451 సీసీతో నింజా 500 వచ్చింది. దాని గుణమూ ఇదే, కింది నుంచి లాగడం ఇంకాస్త ఎక్కువ.

యమహా ఆర్3 దీనికి భిన్నం. 321 సీసీ, 42 హార్స్‌పవర్, టార్క్ 29.6 న్యూటన్ మీటర్లు. అది రావాలంటే 9,000 ఆర్‌పీఎం దాకా తిప్పాలి. ఇంజిన్ నున్నగా, ఏ గరగరా లేకుండా పైకి పరుగు తీస్తుంది. గేర్లు సరిగ్గా వాడటం నేర్పే బండి ఇది. బద్ధకంగా నడిపితే మాత్రం ఉలకదు పలకదు. 2019లో అప్‌సైడ్ డౌన్ ఫోర్క్ వచ్చింది, దాంతోపాటే హ్యాండిల్ 22 మి.మీ. కిందికి దిగింది. చూపు బాగుంది గానీ, రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు 2019కి ముందు మోడలే సుఖం. స్లిప్పర్ క్లచ్ కావాలంటే 2025 మోడల్ దాకా రావాలి. అంతకుముందు బండ్లలో గేరు దించేటప్పుడు యాక్సిలరేటర్ చిన్నగా ఇచ్చి క్లచ్ వదలడం అలవాటు చేసుకోవాలి.

కేటీఎం ఆర్‌సీ 390 ఈ మూడింటిలో పొగరున్న బండి. 373 సీసీ, ఒకటే సిలిండరు. 4,000 ఆర్‌పీఎం కింద టాప్ గేరులో నడిపితే చైన్ టకటకలాడుతూ కుదుపులిస్తుంది. దగ్గర దగ్గర మలుపులున్న ఘాట్ రోడ్డు మీద మిగతా రెండూ దీని వెనకే. 2022 మోడల్ నుంచి బండి ఎంత వాలిందో కనిపెట్టి పనిచేసే ఏబీఎస్, వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఇచ్చారు. నింజా 400, ఆర్3 ఏబీఎస్‌లకు ఆ తెలివి లేదు. బండి నిటారుగా ఉన్నంతవరకే వాటి భరోసా. అయితే ఆర్‌సీలో సూపర్‌మోటో అని ఒక మోడ్ ఉంటుంది. అది వెనక చక్రానికి ఏబీఎస్ తీసేస్తుంది. మొదటి ఏడాది దాని జోలికి పోకండి. సీటు 820 మి.మీ. పైనే ఉంటుంది, పైగా గట్టి. ఐదడుగుల ఐదంగుళాల లోపువాళ్లకు సిగ్నల్ దగ్గర మునివేళ్లే ఆనతాయి. సిటీలో ఇంజిన్ వేడి కాళ్లకు తెలుస్తుంది.

మరి 600? ఆర్6 లాంటి బండి చెడ్డదని కాదు, దాని పని వేరు. రెడ్‌లైన్, అంటే ఇంజిన్ తిరగగలిగే హద్దు, 16,000 ఆర్‌పీఎం పైన ఉంటుంది. అసలు బలం 10,000 దాటాకే వస్తుంది. కింద మామూలుగా ఉండి పైన ఒక్కసారిగా మీదపడుతుంది. ఒకటో గేరులోనే 100 కి.మీ. దాటేస్తుంది. ముందు రెండు పెద్ద డిస్కులు, రేడియల్ క్యాలిపర్లు. రెండు వేళ్లతో గబుక్కున లాగితే చాలు, బరువు ముందుకు వాలి టైరు నేలకు అదమకముందే చక్రం బిగుసుకుపోతుంది. ఏబీఎస్ లేని పాత 600లలో ఎక్కువమంది కొత్తవాళ్లు పడేది ఇలాగే. రెండో తప్పు మలుపు మధ్యలో. వేగం ఎక్కువైందనిపించి యాక్సిలరేటర్ టక్కున వదిలేస్తారు. బరువు ముందుకు తూలి బండి నిటారుగా లేవబోతుంది, లైను వెడల్పై ఎదురు లేన్‌లోకి పోతుంది. నింజా 400 మీద ఇదే తప్పు చేస్తే వేగం తక్కువ, బండి తేలిక, సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఆర్6 సీటు 850 మి.మీ., హ్యాండిల్ తిరిగే కోణం తక్కువ. యూ టర్నులో పడటం కూడా 600లకే ఎక్కువ. ‘ఎదిగే బండి కొనుక్కో, చిన్నది ఆర్నెల్లకే విసుగొస్తుంది’ అనే సలహా ఎవరైనా ఇస్తే, వాళ్లు నడిపేది మలుపుల్లో చూడండి. తర్వాతి మెట్టు ఎక్కాలనుకున్నప్పుడు 73 హార్స్‌పవర్ యమహా ఆర్7, 95 హార్స్‌పవర్ హోండా సీబీఆర్650ఆర్ ఉండనే ఉన్నాయి.

మొదటి బండి సెకండ్ హ్యాండ్‌లో కొనడమే తెలివైన పని. పార్కింగ్‌లో ఒక్కసారైనా కింద పడని మొదటి బండి తక్కువ. ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) పగిలితే కొత్తదానికి కడుపు తరుక్కుపోతుంది. చూడబోయేటప్పుడు ఇంజిన్ ముందే వేడి చేసి పెట్టవద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. స్టార్టింగ్ ఇబ్బంది, పొగ, టైమింగ్ చైన్ శబ్దం చల్లటి ఇంజిన్ మీదే బయటపడతాయి. తర్వాత హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి, అది ఎక్కడ తగిలి ఆగుతుందో అక్కడ ఫ్రేమ్ మీదున్న స్టాపర్‌ను టార్చి వేసి చూడండి. అది నొక్కుకుపోయినా, విరిగినా, దానిమీద కొత్త పెయింట్ కనిపించినా బండి గట్టిగానే పడింది, ఎంత తగ్గించినా వద్దు. లీవరు కొన, బార్ ఎండ్, ఫుట్‌రెస్ట్ కొన అరిగి ఉంటే నిలబడిన చోట పడిందన్నమాట. అది బేరానికి పనికొస్తుంది.

ముందు చక్రం గాల్లోకి లేపించి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో టిక్కుమని ఆగినట్టు తగిలితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. ఫోర్క్ గొట్టాల మీద వేలు రాస్తే ఆయిల్ అంటుకోకూడదు. వెనక స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చైన్‌తో సహా సెట్ మొత్తం మార్చాలి, ఒక్కటే మారిస్తే రెండోది త్వరగా తినేస్తుంది. డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, కొలిపించండి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనది. దానిమీద గాడులు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చాల్సిందే.

బండి ఇంటికి రాగానే సైలెన్సర్ మార్చే తొందర అందరికీ ఉంటుంది. దానికి ముందు చవకైన పనులు కొన్నున్నాయి. బ్రేకు, క్లచ్ లీవర్లను మీ ముంజేయి, వేళ్లు ఒకే గీతలోకి వచ్చేలా కిందికి తిప్పుకోండి. షాపులో అవి దాదాపు ఎప్పుడూ పైకే ఉంటాయి. యాక్సిలరేటర్ కేబుల్ వదులు 2, 3 మి.మీ. ఉండాలి. అంతకంటే ఎక్కువుంటే ఇచ్చిన ప్రతిసారీ బండి కుదుపుతో కదులుతుంది. టైరు గాలి నడపకముందే, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. అంకె మాన్యువల్‌లోనూ, చాలా బండ్లకు చైన్ కవర్ మీద స్టిక్కర్‌లోనూ ఉంటుంది, టైరు గోడ మీది గరిష్ఠ అంకె కాదు. కొత్త టైర్లయితే మొదటి 150 కి.మీ. పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి వాలడం కొద్దికొద్దిగా పెంచండి. బండి పడితే దెబ్బ కాసే ఫ్రేమ్ స్లైడర్లు వేయించండి. బండికి పెట్టే డబ్బులో ఐదో వంతు హెల్మెట్, గ్లోవ్స్, జాకెట్, చీలమండ దాటే బూట్లకు ముందే తీసి పక్కన పెట్టండి. చాలకపోతే బండిని ఒక మెట్టు దించండి, ఈ రక్షణ సామాన్లను కాదు.

తర్వాత ఖాళీ మైదానం లాంటి సిమెంటు నేల. 40 కి.మీ. వేగంలో నిటారుగా వస్తూ ముందు బ్రేకును రెండు దశల్లో పట్టండి. మొదట ఫోర్క్ కొంచెం దిగేంత, ఆ వెంటనే గట్టిగా. ఫోర్క్ దిగిందంటే బరువు ముందు టైరు మీదికి వచ్చినట్టే, అప్పుడు దాని పట్టు బాగా పెరుగుతుంది, అయినా దానికీ ఒక హద్దు ఉంటుంది. చూపు ముందుకే ఉండాలి, మీటరు మీదికో ముందు చక్రం మీదికో పోతే బండి వంకర తిరుగుతుంది. 40 కుదిరాక 60కి వెళ్లండి. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టడం కూడా అక్కడే సాధన చేయండి. 30 కి.మీ. దాటిన తర్వాత బండి వినేది ఆ భాషే. మలుపులో భయమేసినప్పుడు యాక్సిలరేటర్ మూయకుండా, చూపును బయటి అంచు నుంచి లాగి దారి చివరికి తిప్పి, ఆ హ్యాండిల్‌నే ఇంకాస్త నెట్టండి. మీరు పడుకోబెట్టిన కోణం కంటే టైరుకు ఇంకా 15, 20 డిగ్రీలు మిగిలే ఉంటాయి.

ఎవరికి ఏది అంటారా? రోజూ తిరగడానికీ, సెలవు రోజున ఘాట్ రోడ్డుకీ ఒకటే బండి కావాలంటే నింజా 400, దొరక్కపోతే నింజా 500. ఎత్తు తక్కువ, ఇంజిన్ నున్నగా ఉండాలి, గేర్లు మార్చడం సరదా అనుకునేవాళ్లకు ఆర్3. పొడుగ్గా ఉండి, సైకిలో చిన్న బైకో ఏళ్ల తరబడి నడిపిన చేయి ఉండి, ట్రాక్ డే మీద కన్నున్నవాళ్లకు 2022 తర్వాతి ఆర్‌సీ 390. వెనక సీటు మీద రోజూ ఇంకొకరు కూర్చోవాల్సి ఉంటే ఈ మూడూ వదిలేసి, ఇదే తరగతిలో ఫెయిరింగ్ లేని నేకెడ్ బండి చూసుకోండి.