విశాఖలో ‘నానో పసుపు’ చుక్కలు అమ్మేవారితో జాగ్రత్త

ఆదివారం పూట అపార్ట్‌మెంట్ల కింద బల్ల వేసుకుని, క్యాన్సర్ రాకుండా కాపాడుతుందంటూ నానో కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్‌ను అతి సన్నని రేణువులుగా మార్చామని చెప్పే చుక్కలు) అమ్ముతున్నారు. ఎంవీపీ కాలనీలో ఉండే మా పిన్ని దగ్గర చిన్న సీసాకు 4,800 రూపాయలు తీసుకున్నారు. డబ్బు పోతే పోయింది. ‘ఇది వాడితే మామోగ్రామ్ అక్కర్లేదమ్మా’ అని, అంటే రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టే ఎక్స్‌రే పరీక్షే వద్దని చెప్పారు చూడండి, అది మాత్రం క్షమించలేను. పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పటి నుంచి క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకునే మనిషి, ఈసారి మానేశారు. ఇంట్లో అందరం పట్టుబట్టి ఒప్పించాల్సి వచ్చింది.

జనం పడిపోయేది వారి ప్రదర్శనకు. రెండు గ్లాసుల్లో నీళ్లు పోస్తారు. ఒకదానిలో వేసిన వంటింటి పసుపు అడుక్కు దిగుతుంది. రెండోదానిలో వారి చుక్కలు పడగానే నీళ్లు మడ్డి లేకుండా బంగారు రంగుకు తిరుగుతాయి. చూసినవారు ముక్కున వేలేసుకుంటారు. కానీ తగిన ఎమల్సిఫయర్ (నీటిలో కలవనివాటిని కలిపే పదార్థం) కలిపితే చాలు, కర్కుమిన్ అలాగే కలిసిపోతుంది. గ్లాసులో కరిగినంత మాత్రాన ఒంట్లో క్యాన్సర్ ఆగుతుందా?

నానో కర్కుమిన్ మీద జరుగుతున్న పరిశోధన అబద్ధమని నేను అనడం లేదు. కర్కుమిన్ నీటిలో సరిగా కరగదు, రక్తంలోకి చేరేది కొంచెమే, ఆ కాస్తనూ కాలేయం త్వరగా మార్చి బయటకు పంపేస్తుంది. అందుకే దాన్ని లైపోసోముల్లో (కొవ్వు పొరతో చేసిన అతి చిన్న బుడగల్లో), పాలిమర్ అనే పదార్థంతో చేసిన సూక్ష్మ రేణువుల్లో పెట్టి పంపాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. అయితే మనుషుల్లో క్యాన్సర్‌ను నివారిస్తుందని రుజువై ఆమోదం పొందిన నానో కర్కుమిన్ మందు ఇప్పటివరకు ఒక్కటీ లేదు.

మొక్కల నుంచి వచ్చిందే కదా, హాని ఏముంటుందని అనుకోకండి. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి మాత్రలుగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. బాగా ఒంటబట్టేలా తయారుచేసిన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కీమో తీసుకుంటున్నవారు డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోవద్దు.

పెట్టె తిప్పి చూస్తే విషయం తెలుస్తుంది. ముందు వైపు ‘క్యాన్సర్ నుంచి రక్షణ’ అని పెద్ద అక్షరాలు. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఔషధంగా వాడరాదు’. రేణువు ఎన్ని నానోమీటర్లో (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) ఎక్కడా లేదు. క్యాన్సర్‌ను నివారిస్తుందంటూ మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది.

మూత తీశారు కాబట్టి డబ్బు వెనక్కి ఇచ్చేది లేదని అమ్మినవారు చెప్పేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. మీరూ కొని ఉంటే సీసా, పెట్టె, రసీదు, వారు పంపిన వాట్సాప్ వీడియోలు పారేయకుండా దాచి, ఫిర్యాదు పెట్టండి.