ఉపయోగపడే సాఫ్ట్‌వేర్‌కే ప్రైజు అన్నప్పుడు ఏది మేలు: పెద్ద ఐడియానా, చిన్న టూలా, పాత ప్రాజెక్టుకు మరమ్మతా?

జనానికి నిజంగా పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌కే బహుమతి అని నిబంధనల్లో రాసిన హ్యాకథాన్‌కు, అంటే గడువులోపు సాఫ్ట్‌వేర్ కట్టి చూపే పోటీకి, మీరు పేరు ఇచ్చేశారు. టీమ్ కుదిరింది. ఏం కట్టాలన్నదే ఇంకా తేలలేదు. ఇలాంటప్పుడు మూడు దారులు చర్చకొస్తాయి. ఎవరూ చేయని పెద్ద ఐడియాను ఎత్తుకోవడం ఒకటి. తెలిసిన ఒక మనిషిని రోజూ విసిగించే పనికి చిన్న టూల్ రాయడం రెండోది. ఇప్పటికే జనం వాడుతున్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ప్రాజెక్టులో ఒక లోటు పూడ్చడం మూడోది. నా ఓటు రెండోదానికే. మూడోది దాన్ని ఓడించే సందర్భాలు లేకపోలేదు. మొదటిదానికి వేరే పోటీలు చాలా ఉన్నాయి.

పెద్ద ఐడియా

48 గంటల పోటీ అంటే 48 గంటల కోడింగ్ అనుకోకండి. నిద్ర, తిండి, టీమ్‌లో వాదనలు, చివర్లో వీడియో తీయడం పోగా మిగిలేది అందులో సగం ఉంటే గొప్ప. ఆ సగంలో లాగిన్ పేజీ, డేటాబేస్, డ్యాష్‌బోర్డు, నోటిఫికేషన్లు అంటూ మొదలుపెడితే అసలు పని దగ్గరికి వచ్చేసరికి తెల్లారిపోతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు మనుషులతోనే. సాయం కావలసినవాళ్లనూ చేసేవాళ్లనూ కలిపే ప్లాట్‌ఫామ్ కట్టారనుకుందాం. అది పనిచేయాలంటే ఇద్దరూ అందులో ఉండాలి. పోటీ ముగిసేసరికి ఇద్దరిలో ఒక్కరూ ఉండరు. డెమోలో టెస్ట్ యూజర్ 1 అడుగుతాడు, టెస్ట్ యూజర్ 2 ఇస్తాడు. ఎవరు వాడుతున్నారు అని జడ్జి అడిగితే, మున్ముందు వాడతారు అనడం తప్ప చెప్పడానికేమీ ఉండదు. ఉపయోగానికే మార్కులు వేసే పోటీలో ఆ జవాబుకు విలువ తక్కువ.

దీనికి ఎదురు ఉదాహరణలు చెప్పేవాళ్లుంటారు. గ్రూప్‌మీ అనే మెసేజింగ్ యాప్ 2010లో న్యూయార్క్‌లో ఒక హ్యాకథాన్‌లో పుట్టింది, మరుసటి ఏడాదే స్కైప్ దాన్ని కొనేసింది. జేపియర్ 2011లో అమెరికాలోని కొలంబియాలో జరిగిన స్టార్టప్ వీకెండ్ అనే వారాంతపు పోటీలో మొదలైంది. నిజమే. అయితే అవి చేసిన పని చూడండి. ఒకటి ఒకే మెసేజ్‌ను గుంపులో అందరికీ చేరవేసింది. ఇంకొకటి ఒక యాప్‌లో జరిగినదాన్ని మరో యాప్‌కు అందించింది. ఇవాళ పెద్దగా కనిపిస్తున్నవి కూడా మొదట ఒక్క పనితోనే మొదలయ్యాయి. అందుకే ఈ రెండింటినీ నేను రెండో దారి ఖాతాలోనే రాసుకుంటాను.

ఇంకో సంగతి. ఏఐతో కోడ్ రాయించుకునే వీలు వచ్చాక ఆకట్టుకునే స్క్రీన్లు గీయడం ఎవరికైనా చేతనవుతోంది. పీడీఎఫ్ ఇస్తే సారాంశం చెప్పే చాట్‌బాట్ లాంటివి నాలుగు టేబుళ్ల మీద ఒకేలా కనిపిస్తే, జడ్జి వాటిని పట్టించుకోకపోవడంలో తప్పేముంది?

ఒక మనిషి, ఒక విసుగు

నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటునూ బిల్లుల జాబితానూ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు కొట్టే ఆఫీసు ఉద్యోగిని తీసుకోండి. రెండు ఫైళ్లను సరిపోల్చే టూల్ అంటే వినడానికి చప్పగా ఉంటుంది. ఆ మనిషి పక్కన గంటసేపు కూర్చుంటే మాత్రం అసలు కథ తెలుస్తుంది. స్టేట్‌మెంటులో 03/04 అని ఉంటుంది. అది మార్చి 4వ తేదీయా, ఏప్రిల్ 3వ తేదీయా? ఒక ఫైల్లో మొత్తాలు కామాలతో సహా అక్షరాల్లా పడి ఉంటాయి, మొత్తం వేస్తే సున్నా వస్తుంది. బిల్లు నంబరు 00417. ఎక్సెల్‌లో తెరవగానే ముందున్న సున్నాలు ఎగిరిపోయి 417 మిగులుతుంది, ఇక అవతలి ఫైల్లోని 00417తో అది కలవదు. పైగా ఒక్క చెల్లింపులో రెండు బిల్లులు కలిపి కట్టేసే కస్టమర్లుంటారు. ఐడియాల కోసం బోర్డు ముందు ఎన్ని గంటలు నిలబడినా ఇందులో ఒక్కటీ తట్టదు.

టూల్ చేయాల్సింది మాత్రం కొంచెమే. రెండు ఫైళ్లు పడేస్తే కలిసిన వరుసలను కిందికి నెట్టి, కలవనివాటిని పైన చూపిస్తే చాలు. అనుమానం ఉన్నచోట సొంతంగా ఊహించకుండా ఆ మనిషినే అడగాలి. లాగిన్ వద్దు, సర్వరూ వద్దు. అంతా బ్రౌజర్లోనే నడిస్తే ఫైలు ఆ కంప్యూటర్ దాటి పోదు. లెక్కల ఫైలు ఎవరికీ ఇవ్వలేనివాళ్లు కూడా దాన్ని నమ్మి వాడతారు, హాల్లో నెట్ పోయినా డెమో ఆగదు.

చిన్న విసుగు అంటే కొద్దిమంది విసుగే అనుకోనక్కర్లేదు. ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంది. మార్చ్1 అనే జన్యువు టైపు చేస్తే మార్చి 1వ తేదీ అయి కూర్చుంటుంది. ఎక్సెల్ రూపంలో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన వ్యాసాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. 2020 నాటికి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ ఏకంగా ఆ పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఆటోమేటిక్ మార్పుల్లో కొన్నింటిని ఆపుకునే వీలు ఎక్సెల్‌లోకి 2023లో వచ్చింది.

ఈ దారికీ లోపాలున్నాయి. ఇంతేనా అనే ముఖం పెట్టే జడ్జి ఒకరైనా తగులుతారు. ఎక్సెల్ ఫార్ములాతో చేసుకోవచ్చు కదా అంటారు. అప్పుడు వాదనకు దిగకుండా, అదే ఫార్ములాను 00417 ఉన్న ఫైలు మీద నడిపి చూపిస్తే సరిపోతుంది. రెండో లోపం కాస్త గట్టిది. టూల్ ఆ ఒక్క మనిషి ఫైళ్లకే అతుక్కుపోయి, పక్క మనిషి ఫైలు వేయగానే చతికిలబడవచ్చు. సబ్మిట్ చేసేలోపు సంబంధం లేని ఇంకొకరి ఫైళ్లతో ఒకసారైనా నడిపి చూడాలి.

ఉన్నదాన్ని బాగుచేయడం

ఈ దారికి తక్కువ మర్యాద దక్కుతోందని నాకనిపిస్తుంది. హ్యాకథాన్ పేరుతో మొట్టమొదట జరిగినవాటిలో ఒకటి ఇదే కోవకు చెందింది. 1999 జూన్‌లో ఓపెన్ బీఎస్‌డీ డెవలపర్లు పదిమంది కెనడాలోని కాల్గరీలో కూర్చుని, తాము కడుతున్న ఆపరేటింగ్ సిస్టమ్ మీదే పనిచేశారు. సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఎగుమతిపై అమెరికా నిబంధనలు ఇబ్బంది పెడుతుండటంతో వాళ్లు కెనడాను ఎంచుకున్నారు. అక్కడ ప్రైజులూ లేవు, జడ్జీలూ లేరు.

వాడేవాళ్లు ముందే ఉండటం ఈ దారికున్న పెద్ద బలం. కష్టాలు కోడ్ దగ్గర మొదలవుతాయి. తెలియని ప్రాజెక్టును మీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేయడానికే, అంటే కోడ్ నుంచి నడిచేలా తయారుచేయడానికే, మొదటి పూట పోవచ్చు. ఆ ప్రాజెక్టు నిర్వాహకులు మీ మార్పును పోటీ ముగిసేలోపు చూస్తారన్న గ్యారంటీ లేదు. ఇక నిబంధనలు. కోడ్ అంతా పోటీ సమయంలోనే మొదలవ్వాలని కొన్ని పోటీలు అంటాయి. పాత ప్రాజెక్టైనా సరే, కొత్తగా చేసిందేమిటో విడిగా చూపమని మరికొన్ని అంటాయి. ఇది ముందే చదువుకోకపోతే పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ ప్రాజెక్టు ఇప్పటికే మీ మెషీన్‌లో నడుస్తూ, చాలామంది మొరపెట్టుకుంటున్న లోటు అందులో ఉంటే మాత్రం నేను రెండో దారి వదిలి ఇటే వస్తాను. ముఖ్యంగా తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనో, ఒక్క కీబోర్డుతోనో వాడలేకపోవడం లాంటి లోట్లు. డెమో కూడా తేలికే. మౌస్ పీకి పక్కన పెట్టండి. పాత వెర్షన్‌లో ట్యాబ్ కీతో ఫారం నింపుతూ పోతే తేదీ గడిలో ఇరుక్కుపోతారు, బయటికి రాలేరు. కొత్త వెర్షన్‌లో అదే ఫారం చివరిదాకా సాఫీగా సాగుతుంది. ఇంకేం చెప్పనక్కర్లేదు.

మరి మీకేది?

ఫలానా మనిషి అని వేలెత్తి చూపగలిగి, వాళ్లు గంటసేపు పక్కన కూర్చోనిస్తామంటే చిన్న టూలే కట్టండి. అలాంటివారెవరూ లేరు, తెలిసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉందంటే మూడోది. రెండూ లేకుండా పెద్ద ఐడియానే చేతిలో ఉంటే, అందులోంచి ఒక్క స్క్రీన్ కోసుకుని అంతవరకే పూర్తిచేయండి. వారాల తరబడి సాగే ఆన్‌లైన్ పోటీ అయినా నా లెక్క మారదు. నిజంగా వాడేవాళ్లను తెచ్చుకునే సమయం ఉంటుంది కాబట్టి చిన్న టూల్‌కు ఇంకాస్త బలం వస్తుందంతే. నలుగురున్న టీమ్‌కు చిన్న టూల్ చాలదేమోనన్న బెంగ వద్దు. ఇద్దరు కోడ్ రాస్తే ఒకరు వాడే మనిషి దగ్గర కూర్చోవాలి, ఇంకొకరు టూల్ ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ ఫైలు, వీడియో చూసుకోవాలి.

ఏ దారైనా చివరి కొన్ని గంటలు కొత్త ఫీచర్ల జోలికి పోకండి. జడ్జి ఒక్క లింకు నొక్కితే టూల్ తెరుచుకోవాలి. కోడ్‌ను ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ ఫైలు పెట్టడం మరవద్దు, అది లేకపోతే కోడ్ అందరికీ కనిపించినా తీసుకుని వాడుకునే హక్కు ఎవరికీ రాదు. నిజమైన ఫైళ్లతో డెమో ఇస్తుంటే ముందు ఆ మనిషి అనుమతి అడగండి. ఆ తర్వాత కూడా ఖాతా నంబర్లూ కస్టమర్ల పేర్లూ మార్చేశాకే వీడియో రికార్డు చేయండి.