కొర్లగుంట గానుగ షాపు: మూడు నెలలు వాడినాక నా మాట

తిరుపతి కొర్లగుంటలో ఉండే చెక్క గానుగ షాపు గురించి రాస్తున్నా, బోర్డు కనపడకపోయినా చెనక్కాయల వాసన పట్టుకుని వెళ్లిపోవచ్చు. మూడు నెలలుగా మా ఇంట్లో ఈ చెనిగ నూనే.

ముందు ఎందుకు మారామో చెప్తా. 2022లో గుర్తుందా, ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే సన్‌ఫ్లవర్ నూనె ధర ఎగబాకింది, ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైనే బయట నుంచి రావాలి కాబట్టి ఆ దెబ్బ నేరుగా మన బాణలి మీద పడింది. పూతలపట్టు దగ్గర మా తాత చేన్లో వానని నమ్ముకుని చెనక్కాయ వేసేవాళ్లు, ఇప్పుడు అక్కడ తోతాపురి మామిడి, కాయలు ఫ్యాక్టరీకి పోయి గుజ్జు విదేశాలకి పోతా ఉంది, మనం తినే నూనె ఏమో మలేషియా నుంచి ఓడెక్కి వస్తా ఉంది. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. మలేషియాలో ఆ పామాయిల్ తోటల కోసం ఎంత అడవి కొట్టేశారో. ఎకరాకి వచ్చే నూనె లెక్కలో పామాయిల్‌ని కొట్టేది లేదు, అందుకే అంత చౌక, అందుకే మిక్చర్ ప్యాకెట్ నుంచి బిస్కెట్ దాకా పామోలిన్ (పామాయిల్ రకమే) అనే ఉంటుంది. దాంట్లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, చెనిగ నూనెలో సుమారు ఐదో వంతే ఉంటుంది.

షాపు విషయానికొస్తే నాకు బాగా నచ్చింది గింజలు ఏరడం. ఒక అక్క చేటలో పోసుకుని కూర్చుని నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఒక్కోటి తీసి పక్కన పారేస్తా ఉంటుంది. ఇది చిన్న సంగతి కాదు, బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, కాలేయానికి చేటు, రిఫైన్ చేస్తే చాలావరకు పోతుంది గానీ గానుగ నూనెలో కొంత ఉండిపోతుంది. అందుకే ఏ గానుగకి పోయినా ముందు గింజలు చూపించమనండి.

లీటరు 320 తీసుకున్నారు. ఎక్కువే, కానీ లీటరు నూనెకి రెండున్నర కేజీల గింజలు కావాలి, లెక్క వేస్తే అన్యాయం అనిపించదు. సంగటిలోకి ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి) చేసి పైన ఒక స్పూను పచ్చి నూనె వేసుకుంటే మా అమ్మ చిన్నప్పటి రుచి అంది. గానుగది కదా అని ఎక్కువ పోయకండి, కొవ్వు కొవ్వే, మేం నెలకి నాలుగు లీటర్ల నుంచి రెండున్నరకి తగ్గించాం.

నచ్చనివి కూడా ఉన్నాయి. వాడేసిన నీళ్ల బాటిళ్లలో పోసి ఇస్తున్నారు, అన్నా ఇది మంచిది కాదు అని రెండుసార్లు చెప్పినా మారలేదు. ఆడించిన తేదీ రాయరు. వడలు వేస్తే బాణలిలో నురగ పొంగుతుంది, తక్కువ మంట పెట్టుకోవాలి. మొన్న తెచ్చినదాంట్లో మడ్డి ఎక్కువుంది, రెండు రోజులు కదపకుండా పెట్టి పైది వంచుకున్నాం.

పొద్దున పది లోపల పోతే కళ్ల ముందే ఆడిస్తారు, స్టీలు క్యాను మీరే తీసుకెళ్లండి, ఆవు ఉన్నవాళ్లయితే చెనిగ చెక్క (నూనె తీసినాక మిగిలే పిప్పి) కూడా అడగండి, కేజీల లెక్కన ఇస్తారు.