91 పౌండ్ల డాలెక్‌కి వీపే లేదు

డాక్టర్ హూ అనే బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ పిచ్చి ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే, ఇంగ్లాండులో హోటల్ హాళ్ళలో జరిగే సైన్స్ ఫిక్షన్ ప్రదర్శనలకి టికెట్ కొనే ముందు ఇది చదవండి. మేం కొన్నాం. పెద్దలం ముగ్గురికి తలా 18, పిల్లాడికి 10, పార్కింగ్ 12, అందులో కవచం లోపల ఉండి తిరిగే విలన్ డాలెక్ పక్కన నిలబడి ఫోటోకి 15. మొత్తం 91 పౌండ్లు. పోస్టర్ మీద "అసలు సిసలు డాలెక్ సైన్యం, అన్ని హోదాలతో" అని ఉంది. సైన్యం అంటే నాలుగు.

ఫోటో అయ్యాక మావాడు ఒక డాలెక్ వెనక్కి వెళ్ళి వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. డాలెక్ కవచం కింది భాగం పావడాలా ఉంటుంది కదా, దాని మీద చుట్టూ బుడిపెలుంటాయి. నిలువు వరుసకి నాలుగు చొప్పున పద్నాలుగు వరుసలు, మొత్తం 56. ఇక్కడ 44 వచ్చాయి. వెనక మూడు వరుసల చోట ఉత్త ప్లైవుడ్, దాని మీద బూడిద రంగు, మూలన స్క్రూ తలలు. అక్కడున్న కుర్రాణ్ణి అడిగితే, "వెనక ఎవరు చూస్తారు?" అని, లైన్ ఆపొద్దని చెయ్యి ఊపాడు. ఇంకోదానికి పైభాగం 2005 నాటి ఇత్తడి రంగుది, కింది భాగం అరవైల నాటి నీలి బుడిపెలది. ముందు పెట్టిన బోర్డు మీద "సుప్రీం", అంటే డాలెక్‌ల పైఅధికారి. మావాడి మొహం చూడాలి! డబ్బు వాపసు అడుగుతూ ఈమెయిల్ పెడితే, వచ్చే ప్రదర్శనకి పది శాతం తగ్గింపు కూపన్ పంపారు.

ఆ రాత్రి బస కూడా అలాగే ఏడ్చింది. మావయ్యగారికి మోకాళ్ళ నొప్పులని గ్రౌండ్ ఫ్లోర్ గది కావాలని బుక్ చేసేటప్పుడే రాశాను. 89 పౌండ్లు తీసుకుని, పబ్బు పైన రెండో అంతస్తులో ఇచ్చారు. లిఫ్ట్ లేదు, మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉన్నాయి. టిఫిన్‌కి మనిషికి మరో 11. డాలెక్‌లు మెట్లెక్కలేవని బ్రిటన్‌లో జనం పాతికేళ్ళు జోకులేసుకున్నారనీ, 1988లో ఒకటి గాల్లో లేచి మెట్లెక్కేసరికి ఆ నోళ్ళు మూతపడ్డాయనీ మావాడు తాతకి చెప్పుకుంటూ ఎక్కించాడు. "దానికి ఎగరడం వచ్చింది, నాకు రాలేదు" అని ఆయన మధ్యలో మెట్టు మీద కూర్చుండిపోయారు. మా ఆవిడ నాతో మర్నాడు మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

కార్డిఫ్‌లో డాక్టర్ హూ ఎక్స్‌పీరియన్స్ అనే ప్రదర్శనశాల ఉందని పాత పేజీలు ఇంకా చెబుతున్నాయి. అది 2017 సెప్టెంబరులోనే మూసేశారు, వెళ్ళకండి. నార్తంబర్లాండ్‌లో అలెన్‌డేల్ అనే ఊళ్ళో ఒక పాత ఇంటి నేలమాళిగలో మ్యూజియం ఆఫ్ క్లాసిక్ సై-ఫై ఉంది. హెక్సమ్ దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో చూసుకుని బయల్దేరండి. ఆ రోజు హాయిగా గడిచింది.

అసలు ఆనందం దక్కింది మాత్రం ఒక చర్చి హాల్లో. సొంతంగా డాలెక్‌లు తయారుచేసుకునేవాళ్ళు ఛారిటీ కోసం వాటిని తెచ్చి నిలబెట్టారు. టికెట్ లేదు, తలుపు దగ్గర డబ్బా ఉంది, తోచింది వెయ్యొచ్చు. టీ పౌండున్నర, నిమ్మకాయ కేకు ముక్క రెండు పౌండ్లు. ఆ కేకు తిన్నాకే మా ఆవిడ మళ్ళీ నవ్వింది.

అక్కడ ఒక పెద్దాయన తన మొదటి డాలెక్ చూపించారు. రేడియో టైమ్స్ పత్రిక 1973లో వేసిన ప్రత్యేక సంచికలో డాలెక్ తయారీ ప్లాన్ ఇచ్చింది, అది చూసి చేశారట. పైభాగం ఎత్తి మావాణ్ణి లోపల కూర్చోబెట్టారు. లోపల ఒక చెక్క బల్ల, కింద చక్రాలు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ కదలాలి. మెడ దగ్గరి జల్లెడలోంచే బయటికి చూడాలి. ఒక చేత్తో కంటి కడ్డీ తిప్పాలి, ఇంకో చేత్తో ముందున్న ప్లంజర్, అంటే రబ్బరు కప్పున్న చెయ్యి, ఆడించాలి, మాటకి తగ్గట్టు నెత్తి మీద లైట్లు వెలిగించే స్విచ్ నొక్కాలి. రెండే చేతులతో ఇవన్నీ ఎలాగో మావాడికి ఎంతకీ అంతుపట్టలేదు. అయినా బయటికి రానన్నాడు. 1963లో రేమండ్ క్యూసిక్ గీసిన రూపం ఇది. లోపల మనిషున్నట్టు తెలియకూడదని మనిషిలాంటి కాళ్ళూ చేతులూ లేకుండా గీశారు. ఆయన బీబీసీ ఉద్యోగి కాబట్టి వంద పౌండ్ల బహుమానంతో సరిపెట్టారు. నేను నకిలీ దాని పక్కన ఒక ఫోటోకే పదిహేను ఇచ్చాను!

మావయ్యగారు ఏఎస్సైగా రిటైరయ్యారు. హాల్లోకి రాగానే అడిగిన మొదటి ప్రశ్న, "వీళ్ళలో ఎస్సై ఎవరు?" మావాడు తాత చెయ్యి పట్టుకుని వరుసగా తిప్పాడు. వెండి రంగు, నీలి బుడిపెలు అయితే మామూలు సిపాయి. 1964 నుంచీ నల్లది వాళ్ళ పైఅధికారి. 1973లో నలుపూ బంగారూ కలిపి ఒక సుప్రీం వచ్చింది. అది పాత డాలెక్ సినిమాకి చేసిన బొమ్మే, డాలెక్‌లని సృష్టించిన రచయిత టెర్రీ నేషన్ దగ్గరుంటే తెచ్చి రంగేశారు. అదీ సంగతి. ఇక్కడ హోదా అంటే చాలావరకు పెయింట్ డబ్బానే. మళ్ళీ మళ్ళీ కొత్తవి చేయించే డబ్బు లేక పుట్టిన పద్ధతి, కానీ గది అవతలి నుంచే ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టాలో తెలిసిపోతుంది. కదలకుండా గోడకి గొట్టాలతో అతుక్కున్న 1967 నాటి చక్రవర్తి లాంటివి తక్కువ. ఆ చక్రవర్తి ఫోటో చూసి మావయ్యగారు "ఈయన ఫీల్డుకి వెళ్ళడన్నమాట" అన్నారు.

ఆయనకి బాగా నచ్చింది 1988 నాటి స్పెషల్ వెపన్స్ డాలెక్. కన్ను లేదు, చెయ్యి లేదు, మురికి పట్టిన ఒళ్ళు, ముందుకి ఒకే ఒక లావుపాటి తుపాకీ గొట్టం. దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. వీపు కూడా ఉంది, నేను చూశాను.

2010లో వచ్చినవాటి దగ్గర మావాడికి కోపం వచ్చింది. గూని వీపు, ప్లాస్టిక్ బొమ్మల రంగులు, రంగుకో ఉద్యోగం. తెలుపు సుప్రీం, నీలం వ్యూహకర్త, నారింజ శాస్త్రవేత్త, ఎరుపు సిపాయి, పసుపు ఎటర్నల్. అభిమానులకి నచ్చలేదు, సీరియల్ వాళ్ళు మళ్ళీ ఇత్తడి రంగు దగ్గరికే వెళ్ళారు. పసుపుదాని డ్యూటీ ఏమిటని మావయ్యగారు అడిగారు. తెర మీద ఎప్పుడూ చెప్పలేదన్నాడు వాడు. "ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ అలాంటి పోస్టు ఒకటుంటుందిలే."

ఒక మూల ఇదే సీరియల్‌లో వచ్చే అంగారక గ్రహపు యోధుడు, ఐస్ వారియర్ కవచం కూడా ఉంది. సిపాయిలకి మొసలి చర్మంలాంటి బరువైన తొడుగు, చేతులకి వేళ్ళ బదులు పట్టకార్లు. 1969లో వచ్చిన అధికారులకేమో తేలికైన తొడుగు, నున్నటి హెల్మెట్. ఇది మాత్రం వివరణ అక్కర్లేకుండానే మావయ్యగారు అర్థం చేసుకున్నారు.

ఇలాంటి హాళ్ళకి వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. పన్నెండున్నరకి లోపలివాళ్ళందరూ బయటికొచ్చి శాండ్‌విచ్‌లు తింటారు, రెండింటిదాకా ఒక్క డాలెక్ కూడా కదలదు. కేకు అంతకన్నా ముందే అయిపోతుంది.