బ్యాండ్‌సాకి పావు అంగుళం బ్లేడా, అర అంగుళం బ్లేడా?

14 అంగుళాల బ్యాండ్‌సా (చక్రాల మీద తిరిగే పట్టీ రంపం) కొన్నవాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఇదే. పావు, అర అంటే బ్లేడు వెడల్పు.

వంపుల పనికి పావు అంగుళం బ్లేడే. సుమారు 5/8 అంగుళం వ్యాసార్ధం ఉన్న మలుపు కూడా తిరుగుతుంది. అర అంగుళానికైతే దాదాపు రెండున్నర అంగుళాలు కావాలి. బలవంతంగా తిప్పితే బ్లేడు మెలిపడి, వెనక అంచు చెక్కను ఒరుసుకుని మాడు వాసన వస్తుంది.

టేకు దిమ్మెను పలకలుగా చీల్చేటప్పుడు మాత్రం సన్న బ్లేడును నమ్మకండి. పైన గీత మీదే నడుస్తుంది, లోపల విల్లులా వంగిపోతుంది. విడదీసి చూస్తే ఒక పలక మధ్యలో పొట్ట, రెండోదానికి గుంట. మంచి టేకు ముక్కను నేను అలాగే పాడుచేసుకున్నాను, ఇప్పటికీ బాధే. అంగుళానికి 3 పళ్లున్న అర అంగుళం బ్లేడు వేస్తే పొట్టు పళ్ల సందుల్లో ఇరుక్కోదు, కోత నిటారుగా దిగుతుంది.

ఏది బిగించినా ముందు ప్లగ్ తీసేయండి. బ్లేడు పక్కకు కదలకుండా ఆపే గైడ్లు పళ్ల సందులకు కాస్త వెనకే ఉండాలి, కాగితం మందం ఖాళీతో. సన్న బ్లేడుకు ఇది మరీ ముఖ్యం, పళ్లు గైడుకు తగిలితే పక్కలకు వంచిన వాటి వాలు పోతుంది. బ్లేడును కప్పే గార్డు చెక్కకు పావు అంగుళం పైన ఉంచండి. గ్లౌజులు వద్దే వద్దు.

కోత పక్కకు లాగుతోందా? బ్లేడు టెన్షన్ (బిగువు), పదును, తర్వాతే ఫెన్స్ (చెక్కను ఆనించి నెట్టే పట్టీ) చూడండి.

ఒక్కటే కొనగలిగితే అర అంగుళమే తీసుకోండి.